పేరంటాలు గోడ మీది రాజు

నాంచారయ్యకు ఫొటో లేదు. తీయించుకునే అవకాశం ఒక్కసారి వచ్చింది గాని, అతనే వద్దన్నాడు.

అది అరవై ఒకటో సంవత్సరం. నిజాంపట్నానికి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాలెంలో నాంచారయ్యా పేరంటాలూ కాపురం ఉండేవారు. అతను పడవ మీద వేటకు వెళ్ళేవాడు, ఆమె చేపలు ఎండబెట్టి అమ్మేది. పెళ్ళై చాలా ఏళ్ళయినా పిల్లలు కలగలేదు. బిడ్డ పుడితే తిరుపతి కొండ ఎక్కి తలనీలాలు ఇస్తానని మొక్కుకుని నాంచారయ్య జుట్టూ గడ్డమూ పెంచాడు. ఆ ఏడు వేసవిలో పేరంటాలు నెల తప్పింది. చీర కొనిపెడతానని అతను ఆమెను రేపల్లె తీసుకొచ్చాడు. బజారులో ఫొటో స్టూడియో ముందు పేరంటాలు ఆగిపోయింది. అద్దం వెనక కొత్త దంపతులు బిగుసుకుని కూర్చున్న ఫొటోలు పెట్టి ఉన్నాయి.

"మనమూ దిగుదాం మామా," అంది.

నాంచారయ్య ఆ అద్దంలోనే తన గడ్డం చూసుకున్నాడు. "ఈ మొహంతోనా? నీ పక్కన సన్నాసిని కూర్చోబెట్టినట్టుంటది. బిడ్డ పుట్టాక కొండకెళ్ళి గుండు చేయించుకుంటా గదా. అప్పుడు ముగ్గురం కలిసి దిగుదాం."

కార్తీకమాసంలో వేటకు వెళ్ళిన అతని పడవ తిరిగి రాలేదు. తమ్ముడు పిచ్చయ్య ఆ రోజు జ్వరంతో ఇంట్లో ఉండిపోయాడు గనక మిగిలాడు. కొన్నాళ్ళకు దివిసీమ వైపు ఒడ్డున పడవ చెక్కలు దొరికాయి. మనుషులెవరూ దొరకలేదు. కులపెద్దలు చూసి చూసి, నాంచారయ్య పంచె ఒకటి ముందు పెట్టి దినం జరిపించారు. పేరంటాలు బొట్టు మాత్రం తియ్యనివ్వలేదు.

"ఆయన పోగా చూసినోళ్ళెవరన్నా ఉంటే చెప్పండి, తీసేస్తా," అంది. ఎవరూ చెప్పలేకపోయారు.

మాఘంలో ఆడపిల్ల పుట్టింది. సరోజ అని పేరు పెట్టారు. పురుడు లేచాక పేరంటాలు ఆ పాలెంలో ఉండలేకపోయింది. గుమ్మంలోకి వస్తే సముద్రం కనిపిస్తుంది. కనిపిస్తే చూడకుండా ఉండలేదు. చూస్తూ కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడిపోయేది, ఉయ్యాల్లో పిల్ల ఏడ్చేది. చివరికి పిచ్చయ్యే రేపల్లెలో, స్టేషను అవతల ఒక పూరిల్లు అద్దెకు చూసిపెట్టాడు. పాలెం నుంచి ఎండుచేపలు బస్సు మీద పంపించేవాడు. వాటిని గంపకెత్తుకుని ఆమె పొద్దుటి బండిలో తెనాలి వెళ్ళి అమ్ముకుని, సాయంత్రం బండికి తిరిగొచ్చేది. తెనాలిలో ఉన్నంతసేపూ సందడిగానే ఉండేది. బేరాలాడేది, తోటివాళ్ళతో నవ్వేది. బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఎవరు పలకరించినా పలికేది కాదు. కళ్ళు మూసుకుని, రేపల్లె వచ్చేదాకా నాంచారయ్యను తలుచుకునేది. అదే ఆమెకు మిగిలిన కాపురం.

సరోజకు మాటలు బాగా వచ్చాక ఒక రోజు పక్కింటికి వెళ్ళి వచ్చి అడిగింది. "అమ్మా, వాళ్ళింట్లో వాళ్ళ తాత గోడ మీదున్నాడు. మనింట్లో నాన్న గోడ మీద లేడేంటి?"

పేరంటాలు పిల్లను ఒళ్ళోకి లాక్కుని జుట్టు దువ్వడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే తెనాలిలో ఆ సంగతి జరిగింది. బజారులో పటాలు కట్టే కొట్టు ఒకటి ఉండేది. దాని యజమాని అబ్రహాము పెద్దవాడు, నెమ్మదస్తుడు. మొక్కు తీరకుండా ఉండిపోయిందన్న బాధ పేరంటాలు మనసులో ఉంది. కనీసం వెంకటేశ్వరస్వామి పటమైనా ఇంట్లో పెట్టుకుందామని, గంప ఖాళీ కాగానే ఆ కొట్టుకు వెళ్ళింది. అబ్రహాము స్వామి బొమ్మను అద్దం మీద బోర్లించి, బొమ్మకూ వెనక చెక్కకూ మధ్య పెట్టడానికి పాత పత్రికల కట్టలోంచి ఒక దళసరి కాగితం లాగాడు. దూరదేశాల నుంచి లైబ్రరీలకూ పార్టీ ఆఫీసులకూ వచ్చే పత్రికలవి. కాగితం నున్నగా ఉంటుంది గనక పిల్లలు పుస్తకాలకు అట్టలు వేసుకునేవారు. పాతబడ్డాక ఇలాంటి కొట్లకు చేరేవి.

"ఆగన్నా," అంది పేరంటాలు. "ఆ కాగితం ఇటు తిప్పు."

అబ్రహాము తిప్పాడు. నలుపు తెలుపుల్లో, సన్నటి గీతలతో అచ్చు వేసిన మగమనిషి బొమ్మ. నిండైన గడ్డం. తల మీద బొచ్చుటోపీ, దానికి కుంచెలాంటి ఈక. చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఒక చట్రం గీసి, దాని వెంట ఏదో భాషలో అక్షరాలు వేశారు. కనుబొమల మధ్య చిన్న మడత. కళ్ళు తిన్నగా ఎదటి మనిషినే చూస్తున్నాయి.

పేరంటాలు గంప కింద పెట్టి కొట్టు అరుగు మీద కూర్చుండిపోయింది.

"ఎవరో దొరలాగున్నాడమ్మా. ఏ దేశం రాజో మరి," అన్నాడు అబ్రహాము.

"మా ఆయన," అంది.

అబ్రహాము ఆమె వంక చూశాడు. నవ్వులాటకు అన్న మాట కాదని అర్థమైంది. "ఎక్కడుంటాడమ్మా మీ ఆయన?" అని మెల్లగా అడిగాడు.

"సముద్రంలో పోయాడన్నా. మొక్కుకి గడ్డం పెంచాడు, ఇట్టాగే. చూపు కూడా ఇదే. ఒడ్డున నిలబడి గాలెటుందో చూసేటప్పుడు ఆ మడత అక్కడే పడేది."

"ఫొటో ఏమీ లేదా?"

"లేదు."

అబ్రహాము స్వామి పటం పక్కన పెట్టాడు. బొమ్మను కాసేపు అటూ ఇటూ పెట్టి చూశాడు. "ఈ టోపీ, ఈ ఈకా పెట్టుకుని మీ ఆయన ఇంట్లో కూర్చోడు గదమ్మా," అంటూ ఒక దళసరి అట్ట మధ్యలో గుండ్రంగా కత్తిరించి, దాన్ని బొమ్మ మీద పెట్టాడు. టోపీ, ఈక, బొచ్చు అంగీ, అక్షరాలు అన్నీ అట్ట కిందకు పోయాయి. నుదుటి దగ్గర్నుంచి గడ్డం దాకా మొహం ఒక్కటే మిగిలింది. పేరంటాలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్వామి పటమూ ఈ పటమూ గంపలో పెట్టుకుని సాయంత్రం బండిలో రేపల్లె వచ్చింది. రెండింటినీ ఎదురెదురు గోడలకు తగిలించింది. సరోజ తలెత్తి చూసి, "ఎవరమ్మా?" అంది.

"మీ నాన్న."

పిల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. అటు జరిగింది, ఇటు జరిగింది. "నన్నే చూస్తున్నాడు," అంది.

పిచ్చయ్య వచ్చినప్పుడు పేరంటాలు ఏమీ చెప్పకుండా పటం చూపించింది. అతను చాలాసేపు చూశాడు. "ముక్కు..." అని ఏదో అనబోయి వదిన మొహం చూశాడు. ఆ మొహంలో అంత వెలుగు అతను చాలా కాలంగా చూడలేదు. మాట మింగేశాడు.

"బానే ఉంది వదినా. ఎక్కడ దొరికింది?"

"తెనాలిలో."

"అన్నే," అన్నాడు పిచ్చయ్య. ఆ రోజు నుంచి రేపల్లె వచ్చినప్పుడల్లా అతను ముందు పటం ఎదుట ఒక నిమిషం నిలబడి, తర్వాతే కాళ్ళు కడుక్కునేవాడు.

అలా ఆ పటం ఆ ఇంట్లో నాంచారయ్య అయిపోయింది. సరోజ దాని కింద కూర్చుని చదువుకుంది. పద్యం అప్పజెప్పాలంటే ఆ పటానికి అప్పజెప్పేది. పరీక్షకు వెళ్ళే ముందు, "నాన్నా, వెళ్ళొస్తా," అనేది. బళ్ళో ఎవరైనా మీ నాన్న ఎలా ఉండేవాడని అడిగితే, పెద్ద గడ్డం, కోపంగా ఉన్నట్టుంటాడు గాని కోపం కాదు అని చెప్పేది. పేరంటాలు కూడా తెనాలి నుంచి వచ్చి గంప దించుతూ ఆ పూట సంగతులు పటానికి చెప్పేది. మొదట్లో పటాన్ని ఒకసారి చూసి కళ్ళు మూసుకుంటే చాలు, నాంచారయ్య ఒడ్డు మీద తడి కాళ్ళతో నడిచొచ్చేవాడు. రానురాను కళ్ళు మూసుకోవలసిన పని లేకపోయింది. ఎదురుగా ఉన్నాడు గదా.

సరోజ చదువులో మంచిదనిపించుకుంది. పదో తరగతి గట్టెక్కాక బాపట్లలో ఇంటర్మీడియట్‌లో చేరి, ఆడపిల్లల హాస్టల్లో ఉంది. డెబ్బై ఎనిమిదో సంవత్సరం అది. మొదటిసారి ఇల్లు వదిలింది గనక మొదటి నెలంతా ఆమెకు బెంగగానే గడిచింది. అమ్మ మీద బెంగ పడటం మామూలే. నాన్న మీద కూడా బెంగ పడటం ఆమెకే వింతగా తోచేది. హాస్టలు గోడలన్నీ బోసిగా, తన వంక ఎవరూ చూడనట్టుగా ఉండేవి.

చరిత్ర పాఠాలు చెప్పే ప్రమీలారాణి గారు ఒక మధ్యాహ్నం సరోజను లైబ్రరీకి తీసుకెళ్ళి, కుట్టించి పెట్టిన పాత పత్రికల సంపుటాలు చూపించారు. "ఇంగ్లీషు చదవడం అలవాటవుతుంది. బొమ్మలు చూస్తూ కింద రాసింది చదువు," అన్నారు. సరోజ పేజీలు తిప్పుతూ కూర్చుంది. పొలాలు, ఫ్యాక్టరీలు, మంచుకొండలు, డాన్సు చేసే అమ్మాయిలు. ఇంకో పేజీ తిప్పింది.

నాన్న ఉన్నాడు.

తల మీద బొచ్చుటోపీ ఉంది. దానికి ఈక ఉంది. మెడ చుట్టూ జంతువు తోలు అంగీ. మొహం చుట్టూ అక్షరాలు. అయినా అవే కళ్ళు, అదే మడత. ఆమె వంకే చూస్తున్నాడు.

సరోజ ఎంతసేపు అలా కూర్చుందో ఆమెకే తెలియలేదు. ప్రమీలారాణి గారు దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

"మేడం, ఈయనెవరండి?"

ఆవిడ కింద ఉన్న నాలుగు ముక్కలూ, పక్క పేజీలో ఉన్న వ్యాసమూ చదివి చెప్పారు. "మిహాయి అని, రుమేనియా వాళ్ళ రాజు. వీరుడు మిహాయి అంటారట. మూడు రాజ్యాలను ఒకటి చేశాడు. ఎక్కువ కాలం నిలవలేదులే. పదహారు వందల ఒకటిలో, తనతో కలిసి యుద్ధం చేసిన సేనాపతే మనుషుల్ని పంపించి చంపించాడు. తల మాత్రం ఆయన వాళ్ళు తీసుకొచ్చి ఒక మఠంలో పాతిపెట్టారు. మొండెం ఎక్కడుందో గట్టిగా ఎవరికీ తెలియదు." ఆవిడ పుస్తకం మూసి, "ఎందుకడిగావు?" అన్నారు.

"ఊరికేనండి," అంది సరోజ. మా నాన్న అని చెప్పడానికి నోరు రాలేదు.

శనివారం సెలవు అడిగి బయలుదేరింది. తెనాలిలో బండి మారడానికి దిగినప్పుడు ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆలోచించింది. అమ్మ తనకు అబద్ధం చెప్పింది. బాబాయి కూడా చెప్పాడు. తను ఇన్నేళ్ళూ ఎవరికో వెళ్ళొస్తానని చెప్పి పరీక్షలకు వెళ్ళింది. కోపం కంటే ఎక్కువగా ఆమెను పట్టుకున్నది ఇంకొకటి. అది నాన్న కాకపోతే, నాన్న ఎవరు? నిన్నటిదాకా ఉన్న మనిషి ఇవాళ లేకుండా పోయాడు. అందరి నాన్నలూ ఒక్కసారే పోతారు, తన నాన్న రెండోసారి పోయాడు.

పేరంటాలు వాకిట్లో చాప మీద ఎండుచేపలు తిరగేస్తోంది. కూతుర్ని చూసి సంతోషంగా లేవబోయి, ఆ మొహం చూసి ఆగిపోయింది.

"అమ్మా, లోపలికి రా," అంది సరోజ. పటం ముందు నిలబడి, "ఈయన నాన్న కాదు. రుమేనియా అనే దేశానికి రాజు. చచ్చిపోయి మూడు వందల ఏళ్ళు దాటింది. బొమ్మ మా కాలేజీలో ఉంది, టోపీతో సహా. నీకు తెలుసా?"

"రాజని తెలీదు," అంది పేరంటాలు. "ఎవరో పైదేశం ఆయనని తెలుసు."

"తెలిసే చెప్పావా నాకు?"

"నువ్వు నాన్నేడీ అని అడిగావు. నా దగ్గిర ఏముంది చూపించడానికి? ఆ కొట్లో ఈ కాగితం చూసిన ఘడియలో నాకు మీ నాన్నే కనపడ్డాడు. అది అబద్ధం కాదమ్మా. ఒట్టేసి చెబుతున్నా."

సరోజ కోపం కొంత దిగింది గాని దుఃఖం దిగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి పటాన్ని గోడ వైపుకు తిప్పేసింది. వెనక చెక్క కనిపించింది.

"అయితే ఇప్పుడు చెప్పు. నాన్న ముక్కు ఎట్టా ఉండేది?"

"అట్టాగే..."

"అట్టాగే అనొద్దు. అది చూడకుండా చెప్పు. ముక్కు ఎట్టా ఉండేది? నోరు ఎట్టా ఉండేది? నవ్వితే ఎట్టా ఉండేవాడు?"

పేరంటాలు కళ్ళు మూసుకుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని మూసుకున్నట్టే మూసుకుంది. సన్నటి నల్లగీతలు కనిపించాయి. అచ్చు వేసిన గడ్డం కనిపించింది. దాని చుట్టూ అబ్రహాము కత్తిరించిన అట్ట అంచు కూడా కనిపించింది. దాన్ని పక్కకు తోసి అవతలకు చూడాలని ప్రయత్నించింది. అవతల ఏమీ లేదు.

"సరోజా," అంది కళ్ళు తెరవకుండానే. "నాకు ఆ పటమే కనపడుతోంది. మీ నాన్న కనపడటం లేదు."

సరోజకు ఆ మాటతో కోపమంతా పోయింది. తల్లిని పట్టుకుని కింద కూర్చోబెట్టింది. పేరంటాలు ఏడవలేదు. ఏదో వస్తువు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే మనిషిలా ఇల్లంతా కలయజూస్తూ కూర్చుంది.

కొంతసేపయ్యాక, "ఆ రాజుకు ఏమైంది?" అని అడిగింది.

సరోజ మేడం చెప్పిందంతా చెప్పింది. తల ఒక చోట, మొండెం ఎక్కడో అన్న మాట దగ్గర పేరంటాలు తలెత్తింది.

"పెళ్ళాం ఉందా ఆయనకి?"

"ఉందనే చదివారు మేడం."

"చివర్లో చూసుకుందా ఆయన్ని?"

"ఆ సంగతి లేదమ్మా అందులో."

"పాపం," అంది పేరంటాలు. లేచి వెళ్ళి, తిప్పేసిన పటాన్ని మళ్ళీ ఇటు తిప్పింది. "ఆయన తప్పేముంది ఇందులో. గోడకేసి నిలబెట్టడం ఎందుకు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నిజాంపట్నం బస్సెక్కారు. పాలెంలో పిచ్చయ్యను అడగాలని సరోజ పట్టుదల. పేరంటాలు ఆ ఊరు విడిచాక సముద్రం ఒడ్డుకు మళ్ళీ రాలేదు. పెళ్ళిళ్ళకు వచ్చినా ఇళ్ళ దాకా వచ్చి వెనక్కి పోయేది. ఆ రోజు ఇసుకలోకి దిగింది గాని, లాగి పెట్టి ఉన్న ఒక పడవను ఆనుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. పిచ్చయ్య వల బాగు చేసుకుంటున్నాడు. జుట్టు నెరిసింది, మనిషి వంగాడు. సరోజ అతని ఎదుట కూర్చుని బాపట్లలో చూసింది మొత్తం చెప్పింది.

పిచ్చయ్య చేతిలో వల ఆగిపోయింది. "నాకు మొదటి రోజే తెలుసమ్మా. అన్న ముక్కు అంత సూది కాదు. చెబ్దామనే అనుకున్నా. మీ అమ్మ మొహం చూసి ఊరుకున్నా."

"అయితే ఎట్టా ఉండేవాడు బాబాయ్? నువ్వు చెప్పు."

అతను వల పక్కన పెట్టాడు. ఇసుకలో వేలితో ఏదో గీయబోయి చెరిపేశాడు. "మీ ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పటం చూసి చూసి, నాకూ ఆ మొహమే పడిపోయిందమ్మా. అన్న మొహం చెప్పమంటే చెప్పలేకుండా ఉన్నా."

సరోజ తల దించుకుంది. వేట నుంచి వచ్చిన పడవొకటి ఒడ్డుకు కొట్టుకుంటూ ఉంటే నలుగురు మనుషులు దాన్ని లాగడానికి కేకలు వేసుకుంటున్నారు. పిచ్చయ్య అటు చూసి, ఏదో తట్టినట్టు, "గొంతు మాత్రం పోలేదు," అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"మీ నాన్న గొంతు. అది నా చెవుల్లో అట్టానే ఉంది. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే పడవలో లేచి నిలబడి మీ అమ్మను పేరెట్టి పిలిచేవాడు. పాలెం మొత్తానికి వినపడేది. పెళ్ళాన్ని అట్టా పిలుస్తారా ఎవరన్నా, సిగ్గులేదా అని ముసలోళ్ళు తిట్టేవాళ్ళు. తిట్టేకొద్దీ ఇంకా గట్టిగా పిలిచేవాడు."

"పిలు బాబాయ్. ఎట్టా పిలిచేవాడో పిలు."

పిచ్చయ్య ఉలిక్కిపడ్డాడు. "వదిన్ని పేరెట్టి నేనెట్టా పిలుస్తానమ్మా."

పేరంటాలు పడవకు ఆనుకుని అంతా వింటూనే ఉంది. "పిలు పిచ్చయ్యా," అంది. "ఏం పర్లేదు."

పిచ్చయ్య లేచి, తుండుగుడ్డ నడుముకు చుట్టుకున్నాడు. వదినకు మొహం కనిపించకుండా సముద్రం వైపు తిరిగి, నీళ్ళ అంచు దాకా నడిచాడు. గొంతు సర్దుకున్నాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు.

"ఓ... పేరంటమ్మో... పేరంటం..."

మొదటి సగం లావుగా లేచి, చివరికొచ్చేసరికి పైకి తిరిగి, గాలిలో నవ్వుతున్నట్టు ఆగింది ఆ పిలుపు. అది పిచ్చయ్య గొంతు కాదు. పిచ్చయ్య అలా ఎన్నడూ మాట్లాడడు. పడవ లాగుతున్న వాళ్ళలో పెద్దవాడొకడు తాడు వదిలేసి ఇటు తిరిగి చూశాడు.

పేరంటాలు లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు సముద్రం వైపు తిరిగిందో ఆమెకు తెలియదు.

"పన్ను," అంది.

సరోజ పరుగున దగ్గరికి వచ్చింది. "ఏంటమ్మా?"

"ముందు పన్ను విరిగి ఉండేది మీ నాన్నకి. చిన్నప్పుడు తెడ్డు తగిలి విరిగింది. అట్టా పిలిచినప్పుడు నోరు ఎడం పక్కకి పోయేది, ఆ సందు కనపడేది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు." ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "కళ్ళు ఆ పటంలో ఉన్నంత పెద్దవి కాదే సరోజా. ఎండకి ఎప్పుడూ సగం మూసుకునే ఉండేవి. ముక్కు నీ ముక్కే. చివర కొంచెం లావు. నీ ముక్కే."

సరోజ తన ముక్కు మీద చెయ్యి వేసుకుంది.

"ఇంకోసారి పిలు పిచ్చయ్యా," అంది పేరంటాలు.

పిచ్చయ్య ఇంకోసారి పిలిచాడు. ఈసారి సరోజ కళ్ళు మూసుకుని విన్నది. తండ్రి మొహం ఆమెకు కనిపించలేదు. కాని నీళ్ళ మీద దూరంగా ఒక మనిషి లేచి నిలబడ్డాడని, ఇటే వస్తున్నాడని మాత్రం ఒళ్ళంతా తెలిసింది. మూడోసారి పిలవబోయి పిచ్చయ్య పిలవలేకపోయాడు. నీళ్ళలోనే గొంతుక్కూర్చుని తుండుగుడ్డతో మొహం కప్పుకున్నాడు. ఆ రోజు జ్వరం రాకపోతే తనూ ఆ పడవలో ఉండేవాడినన్న మాట అతను ఎవరితోనూ అనలేదు గాని, అన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాడు. పేరంటాలు నీళ్ళలోకి వెళ్ళి అతని పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది. సముద్రం ఆమె పాదాల మీదుగా వచ్చి పోతోంది.

పటం ఏమైందంటే, అది ఆ గోడ మీదే ఉండిపోయింది. తీసేద్దామా అని సరోజ అడిగితే పేరంటాలు వద్దంది. ఆ తర్వాత ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి మీ ఆయనా అని అడిగితే, "కాదండి. రుమేనియా రాజుగారు. మా ఆయన లేనన్నాళ్ళూ మాకు తోడున్నాడు," అని చెప్పేది. వాళ్ళు అర్థం కాక నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

మళ్ళీ రైల్లో కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో రోజు నాంచారయ్య స్పష్టంగా వచ్చేవాడు. ఒక్కో రోజు ఎంత వెతికినా పటంలో రాజే వచ్చేవాడు. ఆయనొస్తే ఆయనకూ కాసేపు చోటిచ్చి ఊరుకునేది.

పాలెం నుంచి వచ్చిన మర్నాడు సరోజ బాపట్ల వెళ్ళడానికి రేపల్లె స్టేషనులో బండెక్కింది. పేరంటాలు కిటికీ చువ్వలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడింది. ఇన్నేళ్ళూ నాంచారయ్య గురించి ఆమె కూతురితో పెద్దగా ఏమీ చెప్పలేదు. పటం ఉంది గదా, చెప్పాల్సిన పనేముంది అన్నట్టుండేది. ఆ పొద్దున మాత్రం ఇంటి దగ్గర మొదలుపెట్టిన మాటలు స్టేషనుకొచ్చినా ఆగలేదు. అతను ఎలా నిద్రపోయేవాడో చెప్పింది. చలికాలం తన చీర కప్పుకుని వేటకు పోయేవాడని చెప్పింది. తిరుపతి కొండకు నడిచే ఎక్కుదామా, బస్సులో పోదామా అని తనతో రోజూ వాదించేవాడని చెప్పింది.

గార్డు పచ్చజెండా ఊపాడు. బండి కదిలింది.

"అమ్మా, ఇక చాల్లే, వదులు. పడతావు," అంది సరోజ.

పేరంటాలు చువ్వ వదల్లేదు. బండితో పాటు నడుస్తోంది. "ఇంకోటి విను. అంత వేటగాడా, చేప తినేటప్పుడు ముల్లు తీసుకోవడం చేతనయ్యేది కాదు మీ నాన్నకి. నేనే ఒలిచి పెట్టాలి. పిల్లాడిలాగా కంచం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. నేను పొయ్యి దగ్గిర్నుంచి వచ్చేదాకా అట్టాగే..."

బండి జోరందుకుంది. చువ్వ ఆమె చేతిలోంచి జారిపోయింది. సరోజ కిటికీలోంచి వెనక్కి చూస్తే, తల్లి ప్లాట్‌ఫారం చివర నిలబడి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మాటలు వినపడటం లేదు. చేతి వేళ్ళు మాత్రం గాలిలో చేపముల్లు తీస్తున్నట్టు కదులుతున్నాయి.